ముందు ముసుగు, తర్వాతే యంత్రం

ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకొనే వారు వెల్డింగు పనికి మొదట ఏం కొనాలి? యంత్రమా? కాదు, నల్లద్దం బిగించిన ముసుగు! ఎందుకో చూద్దాం.

వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు ఇంటికి వచ్చే 230 వోల్టులను బాగా తగ్గించి, కరెంటును 100 ఆంపియర్ల దాకా పెంచుతుంది. కడ్డీ కొనకూ ఇనుముకూ మధ్య ఆర్క్ వెలుగుతుంది. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల సెంటీగ్రేడు చాలు. ఆర్క్ వేడి సుమారు 6,000 డిగ్రీలు! ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు మన కంటికి కనబడవు. కాని కనుగుడ్డుపై ఉండే పారదర్శకమైన పొరను కమిలిస్తాయి. చూసేటప్పుడు బాధ తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. చలువ కళ్ళద్దాలు దీనికి చాలవు. 10 లేదా 11 నంబరు వెల్డింగు అద్దమే కావాలి.

వెల్డింగు షాపు ముందు ఆ నీలి మెరుపు కనిపిస్తే ఆగి చూడకండి, తల తిప్పుకోండి!