కరెంటును పారనివ్వవు, అలాగని ఊరుకోవు!

కాంటా ఎక్కించే అంకె

వడ్ల కోతలు మొదలయ్యాయంటే నిజామాబాద్ జిల్లా కొనుగోలు కేంద్రాల్లో అందరి కళ్లూ ఒక చిన్న మీటరు మీదే. గుప్పెడు గింజలు పోస్తే తెర మీద అంకె పడుతుంది. 17 శాతం లోపుంటే కాంటా, దాటితే మళ్లీ పట్టాల మీద ఎండబోత. తమాషా ఏమిటంటే, ఈ డిజిటల్ మీటర్లలో చాలావాటికి నీటిని నేరుగా తూచే ఏర్పాటే లేదు. రెండు లోహపు పలకల మధ్య గింజలు పడ్డాక ఆ జోడీ ఎంత విద్యుదావేశం నిలుపుకుంటుందో చూసి, దాన్నిబట్టి తేమ లెక్కగడతాయి.

నీటి అణువు పుట్టుకతోనే ద్విధ్రువం. ఆక్సిజన్ వైపు రుణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం. పలకల మధ్య విద్యుత్ క్షేత్రం ఏర్పడగానే ఈ అణువులు అటుకేసి తిరుగుతాయి. వాటి సొంత క్షేత్రం బయటి క్షేత్రానికి ఎదురు నిలిచి దాని జోరు తగ్గిస్తుంది. దాంతో అదే వోల్టేజీకి పలకలు మరింత ఆవేశం పట్టుకుంటాయి. ఎన్ని రెట్లు ఎక్కువో చెప్పేదే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం. ఎండిన గింజకు అది చాలా తక్కువ, నీటికి దాదాపు 80. అందుకే కొద్దిపాటి తేమను కూడా మీటరు పసిగట్టేస్తుంది. గింజ వేడెక్కి ఉంటే ఆ లెక్కా మారుతుంది. ఉష్ణోగ్రత సవరణ సరిగా లేని మీటరు తప్పు చెబుతుంది. ఒక్క శాతం తేడాకు ఇంకో రోజు ఎండబెట్టాలి, పైన మబ్బులు. రైతు మీటరును తిట్టుకున్నాడంటే ఊరికే కాదు.

పటిక బెల్లంలో మెరుపు

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ బస్తాల్లోకెక్కిన సరుకు కూడా ఎండిన గింజలాగే కరెంటును పారనివ్వని మంచి విద్యుత్ బంధకమే. చక్కెర నీళ్లలో కరిగినా ఉప్పులా అయాన్లుగా విడిపోదు. కాబట్టి చక్కెర శుభ్రత తేల్చడానికి ల్యాబుల్లో దాని ద్రావణంలో కరెంటు ఎంత పారుతుందో చూస్తారు. పారిందంటే ఆ పని చక్కెరది కాదు, అందులో మిగిలిపోయిన లవణాలది.

అసలు వింత చీకట్లో చూడాలి. గదిలో దీపాలార్పి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పటిక బెల్లం పలుకును పట్టకారుతో పటుక్కున నొక్కండి. నీలిరంగు మెరుపు చటుక్కున కనిపించి మాయమవుతుంది. చక్కెర స్ఫటికం అమరిక అన్ని వైపులా ఒకేలా ఉండదు. పగిలినప్పుడు ఒక ముఖాన ధనావేశం, ఎదుటి ముఖాన రుణావేశం తేలతాయి. మధ్యలో గాలి తట్టుకోలేక నైట్రోజన్ వెలుగుతుంది. ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే తన ‘నోవమ్ ఆర్గనమ్’లో చక్కెరను చీకట్లో గీరితే మెరుస్తుందని రాసిపెట్టాడు. పేలపిండంత మెత్తని చక్కెరతో ప్రయత్నిస్తే మాత్రం నిరాశే.

ఎవరు ఫస్టు?

విద్యుత్ బంధకాల్లో మేటి ఏదన్నది ఏ పోటీలో అన్నదాన్నిబట్టి ఉంటుంది. ద్విధ్రువాలు తిరగడంలో నీరు ఘనాపాఠీ అయినా రికార్డు దానిది కాదు. ఎన్-మిథైల్ ఫార్మమైడ్ అనే ద్రవానికి స్థిరాంకం 180 పైమాటే. బేరియం టైటనేట్ అనే పింగాణీ జాతి పదార్థానికి అది వేలల్లో ఉంటుంది. మన ఫోన్లలోని బుల్లి కెపాసిటర్లు దాని చలవే.

వోల్టేజీని తట్టుకోవడంలో వరస వేరు. మిల్లీమీటరు గాలి సుమారు 3 వేల వోల్టుల దగ్గర చేతులెత్తేస్తుంది. గూడూరు గనుల కాకిబంగారం, అదే అభ్రకం, స్థిరాంకం ఆరేడుకు మించకపోయినా పల్చటి రేకుగా గాలికన్నా పదుల రెట్లు ఎక్కువ వోల్టేజీ కాస్తుంది.

అంత బలహీనమైన గాలినే నమ్ముకుని వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా హైదరాబాద్‌కు 765 కేవీ లైను వెళుతోంది. తీగలకు తొడుగులుండవు, దూరమే రక్ష. డీసీ లైన్లలో ప్రపంచ రికార్డు చైనాది, 1100 కేవీ.

సబ్‌స్టేషన్లో అంత చోటు లేనిచోట సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపుతారు. గాలికన్నా రెండున్నర రెట్లకు పైగా తట్టుకుంటుంది. దాని అణువుకు శాశ్వత ద్విధ్రువమే లేదు, ఆరు ఫ్లోరిన్లు ఆరు వైపులా సమంగా లాగుతాయి. దానికి ఇంకో రికార్డూ ఉంది: బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కన్నా 20 వేల రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. లీకు కాకుండా చూసుకోవడం ఇంజినీర్లకు పెద్ద పని.