బానెట్ మీద చెయ్యి

పిల్లలూ, పోయిన డిసెంబరులో మావాడు పాత డీజిల్ కారు ఒకటి బేరం పెట్టాడు. చిన్న బండి, వెనక డిక్కీ తోకలా పొడుచుకురాని రకం. నడిపి చూడ్డానికి అమ్మేవాళ్లు అజీజ్‌నగర్ చౌరస్తాకు రమ్మన్నారు. నేనూ మనవరాలూ తోడు. వాళ్లు తలుపులు తీసి చూస్తుంటే నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది.

“జ్వరం చూస్తున్నావా తాతా?”

ఇంచుమించు అంతే బిడ్డా. పెట్రోలు ఇంజన్లో ప్లగ్గు నిప్పురవ్వ ముట్టిస్తుంది. డీజిల్ ఇంజన్లో ఆ రవ్వ ఉండదు. మరి మంట ఎట్లా పుడుతుంది? సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగు ముట్టుకున్నావా? చుర్రుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పంపులో నువ్వు నొక్కేది కొంచెమే. ఇంజన్లో గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో అదిమేస్తారు. కన్నుమూసి తెరిచేలోగా ఐదొందల డిగ్రీలు దాటుతుంది. అందులోకి సన్నటి తుంపరగా డీజిల్ చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. ఆ టకటక చప్పుడు దానిదే.

ఈ ఉపాయం జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్‌ది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజను ఒకదాన్ని పల్లి నూనెతో నడిపారట. బజ్జీలు వేగాల్సిన నూనె! పాపం, ఆయన 1913లో ఇంగ్లండుకు పోతూ రాత్రివేళ ఓడలోంచి మాయమయ్యాడు.

బానెట్ సంగతి కదూ. ఇనుము చల్లగా ఉంటే, నొక్కిన గాలిలోని వేడిని అదే తాగేస్తుంది. పిస్టన్ రింగులు అరిగిన ఇంజనైతే గాలి సందుల్లోంచి జారిపోయి, ఉన్న వేడీ చాలదు. అందుకే పొద్దున్నే మొరాయిస్తుంది. ఒకసారి వేడెక్కిందా, రోగం దాక్కుంటుంది. అమ్మేవాళ్లు కావాలనే చేశారని కాదు, అక్కడిదాకా నడుపుకొచ్చినా వేడెక్కుతుంది. నాకు మాత్రం చల్లటి బండిని చూడాలని ఉంది.

సరే, వచ్చాం కదా అని మొయినాబాద్ వైపు తిప్పాం. ఇటు హిమాయత్‌సాగర్, అటు గండిపేట. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండు చెరువుల నడుమ ఊరు అజీజ్‌నగర్. మొయినాబాద్ దాటితే మర్రిచెట్ల రోడ్డు. ముందు టమాటాల ట్రాలీ ఆటో. ఆ ఇరుకులో ఓవర్‌టేక్ వద్దన్నాను. అది పక్కకు తిరిగిపోయాక మూడో గేరులో, ముప్పై స్పీడులో రేస్ ఇమ్మన్నాను. ఒక క్షణం బండి విననట్టే ఉంది. తర్వాత ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు దూకింది. మనవరాలి జడ సీటుకు కొట్టుకుంది.

అది టర్బో. పొయ్యిలోంచి వచ్చే పొగతోనే విసనకర్ర తిప్పించి, అదే పొయ్యిని విసిరినట్టన్న మాట. సైలెన్సర్‌కు పోవాల్సిన పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పుతుంది. దానికి జోడుగా ఉన్న రెండో చక్రం ఇంజన్లోకి గాలిని కుక్కుతుంది. పొగ చాలినంత రాకముందు విసనకర్ర తిరగదు. అదే ఆ వినని క్షణం. మేం చూసిన బండిలోది ఇటలీ ఫియట్ వాళ్ల 1248 సీసీ ఇంజను. 2007లో మారుతి స్విఫ్ట్‌లోకి వచ్చింది. ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే దగ్గర దీని లాగుడు చూడాలి, ఏసీ వేసి నలుగురు కూర్చున్నా ఎత్తు ఎక్కేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి పొగ నిబంధనలు బిగిశాయి. చిన్న కారులో ఆ పొగ కడగడం ఖరీదైన పని. మారుతి వాళ్లు డీజిలే మానేశారు. అందుకే మాకు పాతదే దిక్కు.

మర్నాడు ఆరింటికి మళ్లీ వెళ్లాం, తాళం తిప్పొద్దని ముందే చెప్పి. బానెట్ మీద మంచు. ఈసారి మనవరాలే చెయ్యి పెట్టి “జ్వరం లేదు” అంది. తాళం సగం తిప్పితే మీటరులో చుట్టలాంటి పసుపుపచ్చ దీపం వెలిగింది. లోపల హీటరు ప్లగ్గు ఎర్రగా కాలుతోందన్న మాట. రవ్వ కోసం కాదు, చలి విరగడానికి. దీపం ఆరాక తిప్పాడు. గుర్రుమంది, ఆగింది. అమ్మేవాళ్ల ముఖం చూడలేదు నేను. రెండోసారికి అందుకుంది. వెనక తెల్లటి పొగ, పూర్తిగా కాలని డీజిల్. పది లెక్కపెట్టేలోగా పలచబడి పోయింది.

మావాడు ధర మాట్లాడుతున్నాడు. పిల్ల మాత్రం చెయ్యి తియ్యలేదు. “తాతా, ఇప్పుడిప్పుడే కాలుతోంది.”