కారుపై సైకిలు ప్రయాణం

సైకిలును కారుపై తీసుకొనిపోయేటప్పుడు రంగును చెరిపేది బరువు కాదు, రాపిడి. రెండింటి నడుమ చిక్కిన ఇసుక ప్రతి కుదుపుకూ గీతలు గీస్తుంది. కావున మనం ముందుగా కారును, సైకిలును కడిగి ఆరనివ్వాలి. అడ్డు వచ్చే పెడళ్ళను విప్పడం మేలు. ఎడమ పెడల్ మర తలక్రిందులు. గడియారపు ముల్లు తిరిగే దిశలో త్రిప్పితేనే ఊడుతుంది. కారు లోపల పడుకోబెట్టవలసి వస్తే చెయిను ఉన్న కుడివైపు పైకి ఉంచాలి. పైన గాని, వెనుక గాని కట్టేటప్పుడు తాడును ఫ్రేముకు, చక్రాలకు బిగించాలి. బ్రేకు తీగలకు తగలనీయరాదు. తాడు ఒరిసే చోట మెత్తని గుడ్డ చుట్టాలి. వెనుక కట్టిన సైకిలు నంబరు పలకను, ఎర్రదీపాన్ని కప్పరాదు. కొంత దూరం పోయిన పిదప ఆగి ముడులు సరిచూడాలి. రంగు పోతే మరల వేయించుకోగలం. వదులైన ముడి వెనుక వచ్చేవాని ప్రాణానికే ముప్పు అని మనం మరువరాదు.