కోరిన పుస్తకము: ఎవరి వంతు ముందు?

గ్రంథాలయమునకు పోయి, కోరిన పుస్తకము మరియొకరి యొద్ద నున్నదని విని, వట్టిచేతులతో మరలివచ్చుట పాఠకులకు క్రొత్త కాదు. అది తిరిగివచ్చినపుడు తమకే ఈయవలెనని ముందుగా కోరుటను రిజర్వేషను అందురు. పూర్వము ఈ కోరికలను చీటీలపై వ్రాసికొనెడివారు. నేడు అనేక గ్రంథాలయములలో కంప్యూటరు కేటలాగే ఆ వరుసను కాపాడుచున్నది. పాఠకుడు ఇంటినుండియే కోరికను నమోదు చేయవచ్చును.

అయితే యంత్రమునకు న్యాయాన్యాయములు తెలియవు. ఎవరికి, ఎన్ని, ఎంతకాలము అను నియమములను గ్రంథాలయమే నిర్ణయించి దానికి తెలుపవలెను. న్యూజీలండులో 1999లో రూపొంది, 2000 జనవరిలో వాడుకలోనికి వచ్చిన ‘కోహా’ను ఉదాహరణముగా గైకొందము. మావోరీ భాషలో ఈ మాటకు కానుక యని అర్థము. పేరునకు తగినట్లు ఇది ఉచితముగా లభించును. మన దేశములోను పెక్కు గ్రంథాలయములు దీనిని వాడుచున్నవి.

ఇందు మొదటి నియమము సంఖ్య. ఒక్కొక్క సభ్యుడు ఎన్ని పుస్తకములు కోరవచ్చునో, విద్యార్థులకు, అధ్యాపకులకు వేరువేరుగా నిర్ణయింపవచ్చును. రెండవది గడువు. వచ్చిన పుస్తకమును కోరినవారి కొరకు తీసియుంచు కాలము తొలుత 7 దినములని ఉండును, దానిని మార్చుకొనవచ్చును. గడువు మరీ చిన్నదైనచో దూరమునుండి రావలసినవారికి అందదు. మరీ పెద్దదైనచో వెనుకనున్నవారు ఊరక వేచియుండవలెను.

మూడవది మిక్కిలి ఆలోచింపదగినది. బీరువాలో నున్న పుస్తకమును సైతము కోరనీయవచ్చునా? ఇందుకు మూడు మార్గములు కలవు: ఎల్లప్పుడు అనుమతించుట, ఒక్క ప్రతియైనను బయట నున్నపుడే అనుమతించుట, ప్రతులన్నియు బయట నున్నపుడే అనుమతించుట. మొదటి దానివలన కదలలేని వృద్ధునకు మేలు కలుగును. కాని ఇంట కంప్యూటరు లేక, కాలినడకను వచ్చిన బాలుని పుస్తకము, ఎక్కడనో ఉన్నవాడు మీట నొక్కినంతనే చేజారిపోవచ్చును. పాఠకుని కాలమును ఆదాచేయుట 1931లో రంగనాథన్ ప్రకటించిన ఐదు సూత్రములలో ఒకటి. అయితే ఏ పాఠకుని కాలమన్నదే ఇచ్చటి ప్రశ్న.

పరీక్షల పుస్తకములు ఒకటి రెండు ప్రతులే ఉన్న చిన్న గ్రంథాలయమునకు మూడవ మార్గము మేలు. పలు శాఖలు గల నగర గ్రంథాలయమునకు మొదటిది తగియుండును. ఏది యెన్నుకొనినను ఆ నియమమును పాఠకులందరకు కనబడునట్లు గోడపై వ్రాసియుంచుట ధర్మము. తన వంతు ఎప్పుడు వచ్చునో తెలిసినవాడు ఓపికతో వేచియుండగలడు.