న్యూట్రల్‌లో ఘాట్ దిగితే పెట్రోలు మిగులుతుందా?

అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు అద్దె కారులో ఘాట్ దిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. దిగుడు మొదలవగానే డ్రైవరు గేరు తీసి న్యూట్రల్‌లో పెడతాడు. ఇంజను చప్పుడు సద్దుమణుగుతుంది. బండి తన బరువుకు తానే జారిపోతుంటుంది. నాలుగు డబ్బుల పెట్రోలు మిగిలిందని డ్రైవరుకు తృప్తి. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కగా తొక్కగా చక్రాల దగ్గర నుంచి వచ్చే మాడు వాసనను మాత్రం ఎవరూ లెక్కలో వేయరు.

ఈ అలవాటు ఊరికే పుట్టలేదు. అంబాసిడర్లు, పెట్రోలు జీపులు తిరిగిన రోజుల్లో ఇంజనుకు కార్బురేటరు ఉండేది. యాక్సిలరేటరు వదిలేసినా గేరులో ఉన్నంతసేపూ చక్రాలు ఇంజనును తిప్పుతూ ఉంటే అది కొంత పెట్రోలు పీలుస్తూనే ఉండేది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను నెమ్మదించి ఆ పీల్చడం తగ్గేది. కనుక ఆనాటి డ్రైవర్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. వారి వద్ద క్లీనర్లుగా చేరినవారు అదే నేర్చుకుని, తమ తర్వాతివారికి నేర్పారు.

అయితే బండి మారిపోయింది. 2000 సంవత్సరంలో కాలుష్య నిబంధనలు బిగించిన దరిమిలా కొత్త కార్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. అంబాసిడర్ తయారీ సైతం 2014లో ఆగిపోయింది. ఇప్పటి కారులో పెట్రోలు ఎంత వదలాలో ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. గేరులో ఉండగా యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీస్తే, ఇంజనును చక్రాలే తిప్పుతున్నాయని గ్రహించి అది పెట్రోలును కట్టేస్తుంది. ఇంజను వేగం బాగా పడిపోయినప్పుడే మళ్లీ వదులుతుంది. న్యూట్రల్‌లో పెడితే చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను ఆగకుండా తిరగాలంటే పెట్రోలు పోయక తప్పదు. చిన్న కారుకు ఈ ఖర్చు గంటకు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా ఉంటుంది. అరగంట దిగుడుకు పావు లీటరు పైమాటే. మిగిలిందనుకున్నది కాస్తా ఖర్చులో చేరిందన్నమాట! డీజిలు కార్లదీ ఇదే తీరు.

ఈ సంగతి చెబితే డ్రైవర్లు ఒక పట్టాన నమ్మరు. రెండో గేరులో దిగేటప్పుడు ఇంజను గోల పెడుతుంది. గోల ఉంటే తాగుతున్నట్టేనని మన చెవి లెక్క.

కొందరు మరో అడుగు ముందుకు వేసి ఇంజనే ఆపేస్తారు. ఇది ప్రాణాలతో చెలగాటం. బ్రేకుకు బలమిచ్చే బూస్టరుకు ఇంజను తిరుగుతుండాలి. ఆపిన తర్వాత రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. తాళం చెవి బయటికి లాగితే స్టీరింగు లాకు పడిపోయే ప్రమాదమూ ఉంది. వెనుక సీటులో పిల్లాపాపలు, పక్కన లోయ.

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది కూడా పాతవారి మాటే. దానికి ఇప్పటికీ తిరుగులేదు. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది గనుక బ్రేకులు వేడెక్కి పట్టు వదలవు, ప్యాడ్లు త్వరగా అరగవు. వాలు తక్కువై బండి మరీ నెమ్మదిస్తుంటే పై గేరుకు మార్చుకోవాలే గాని న్యూట్రల్ జోలికి పోరాదు.

పెట్రోలు నిజంగా మిగిలేది మైదానంలోనే. ఇంజను మూలగకుండా చూసుకుంటూ వీలైనంత త్వరగా పై గేరుకు మారాలి. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మేలని పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏనాటి నుంచో చెబుతోంది. క్లచ్ మీద కాలు ఆనించి నడిపితే పెట్రోలుతో పాటు క్లచ్ ప్లేటూ పోతుంది. రైల్వే గేటు పడితే ఇంజను ఆపాలి. మళ్లీ స్టార్టు చేయడానికి ఎక్కువ తాగుతుందన్న భయం ఇప్పటి బండ్లకు అక్కరలేదు.

టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే చీటీ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఇక పైన క్యారియరు సంగతి. పెళ్లి సామాను కోసం బిగించినది పెళ్లి అయిపోయి పిల్ల కాపురానికి వెళ్లినా అలాగే ఉంటుంది. ఖాళీగా ఉన్నా అది గాలికి అడ్డుపడి ప్రతి ట్రిప్పులోనూ కొంత పెట్రోలు తింటుంది. నాలుగు బోల్టులు విప్పితే చాలు.