పెచ్చులూడు పూత: స్నానగృహపు బీరువాకు పరీక్ష, మరమ్మతు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున అర్పానది యొడ్డున వెలసిన బిలాసపురమునందు వేసవి యెండ కొన్ని దినములలో 45 డిగ్రీలను దాటును. జూన్ మాసము గడచునప్పటికి వానగాలి తేమను మోసికొనివచ్చి సెప్టెంబరు చివరివరకు ఇండ్లలో నిలుపును. ఎండకు తనలోని చెమ్మను విడిచి కుంచించుకొనుట, వానకు మరల చెమ్మను పీల్చుకొని ఉబ్బుట కొయ్యకు సహజధర్మము కాగా, దానిపై పరచిన పూత అంతగా సాగజాలదు గనుక, ఈ రెండింటి నడుమ ఏడాది పొడవునను సాగు పెనుగులాట నెహ్రూనగరు వంటి పేటలలోని స్నానగృహములందు, వాష్‌బేసిన్ క్రింది బీరువా తలుపులమీద మొట్టమొదట బయటపడును. అంచున సన్నని బీట, దాని ప్రక్కన పొక్కు, పిమ్మట గోటితో లాగిన ఊడివచ్చు పెచ్చు: ఇదియే దాని క్రమము.

1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరునుండి బిలాసపురము మీదుగా అసన్‌సోలు వరకు వేసిన దారి 1891లో తెరవబడినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే కేంద్రస్థానమైనది. రైలు కొలువులకై వచ్చి ఇచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. తరతరములుగా కాపురమున్న ఇండ్లలో పాలిష్ పెట్టిన టేకు బీరువాయును, నిన్న మొన్న కట్టిన గదిలో రేకువంటి పొర యంటించిన బోర్డు బీరువాయును ప్రక్కప్రక్కనే కానవచ్చుట అరుదు కాదు. రెండును పెచ్చులూడవచ్చును గాని, ఒకదానికి తగిన మరమ్మతు రెండవదానికి హానికరము. కనుక పైపూత యేదో తెలిసికొనక ఉలిగాని కుంచెగాని చేపట్టరాదు.

ఈ పరీక్షకు గొప్ప సాధనము లక్కరలేదు. బీరువా లోపలి మూల, కంటికి కనబడని చోట, స్పిరిటులో తడిపిన దూదితో రుద్దిచూడవలెను. పూత మెత్తబడి జిగురుగా చేతికంటినచో అది లక్కతో చేసిన స్పిరిటు పాలిష్. ఏటికొప్పాక బొమ్మలకు నునుపును మెరుపును ఇచ్చు లక్కయే ఇదియును. మోదుగ, కుసుం చెట్లపై చిన్నపురుగు విడుచు ఈ పదార్థమును విస్తారముగా పండించు రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అందము దీని సుగుణము. నీరు నిలిచినచోట తెల్లని మరకగట్టుట దీని బలహీనత. స్పిరిటునకు లొంగక, పెళుసుగా చిన్నచిన్న పొలుసులై రాలునది రంగో వార్నీషో అయియుండును. గట్టి రేకువలె అంచునుండి లేచి, వెనుకవైపు గోధుమవన్నెగా కానవచ్చునది సన్‌మైకా. పలుచని తోలువలె సాగుచు ఊడివచ్చునది బోర్డుపై వేడితో అతికించిన ప్లాస్టిక్ పొర. గీజరు సమీపమున నున్నచో ఆ వేడికే జిగురు మెత్తబడి ఇది మొదట విడిపోవును.

పూత నెరిగిన పిమ్మట నీటి జాడ వెదకవలెను. బేసిన్ క్రింది గొట్టపు కీలుకు పొడి కాగితము చుట్టి, కొళాయి విప్పినచో కారుచున్న చోటు తడిసి తెలియును. గోడ చెమ్మ అనుమానమైనచో ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపుల టేపుతో గోడకంటించి ఒక దినము విడువవలెను: గోడవైపున నీటిబిందువులు పట్టినచో చెమ్మ గోడలోనిది, గదివైపున పట్టినచో అది స్నానపు ఆవిరి. బీరువా తలుపుల క్రింది అంచులకు పూత వేయకుండ వదలుట మన పనివారిలో తరచు కనబడు లోపము. కంటికందని ఆ అంచునుండియే నీరు లోనికి ప్రాకును.

ఇక మరమ్మతు. తలుపులను విప్పి, గాలి తగులు నీడలో కొన్ని దినములు పూర్తిగ ఆరనీయవలెను. మండుటెండలో నిలిపిన చెక్క వంకరపోవును. పాత పూతలో సీసముండవచ్చును. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండియే అమలులోనున్నది. అందుచేత పాతరంగును పొడిగా గీకి ధూళి లేపక, తడిపి గీకవలెను, ముక్కునకు మాస్కు ధరించవలెను, పిల్లలను దూరముంచవలెను. ఊడినంత మేరయు తొలగించి మరల ఆరిన తరువాత, 120 నంబరు గరుకుకాగితముతో అంచులు సమముచేసి, 220తో నునుపుచేసి, క్రిందియంచులతో సహా ప్రైమరు వేసి, లప్పముతో గుంటలు పూడ్చి, ఒక మందపు పూతకు మారుగా రెండు పలుచని ఎనామిల్ పూతలు, మొదటిది బాగుగ ఆరిన పిమ్మటనే రెండవది, వేయవలెను. లక్క పాలిష్ అయినచో మరకను తేలికగ రుద్ది, అదే లక్కద్రావణమును పలుచగ మెత్తవలెను. సన్‌మైకా లేచినచో పాతజిగురును గీకివేసి, రబ్బరు జిగురును రెండువైపులను పూసి, తాకిన అంటనంతగా ఆరిన తరువాత ఒత్తి అతుకవలెను. ఆ జిగురు ఆవిరి నిప్పునంటుకొనును గనుక దీపము దగ్గర నుండరాదు. ప్లాస్టిక్ పొర సగము విడినచో అతుకులతో సరిపుచ్చుటకన్న, హెయిర్ డ్రయ్యరు వేడితో మొత్తము ఒలిచి, ప్రైమరు వేసి రంగు పూయుట మేలు.

బోర్డు ఉబ్బి వ్రేలి యొత్తిడికి పొడియై రాలుచున్నచో మాత్రము ఏ పూతయు దానిని నిలుపజాలదు. ఆ పలకను మార్చవలసినదే. కొనునప్పుడు ఐ.ఎస్. 303 ముద్ర గల ప్లైవుడ్‌తో తృప్తిపడక, నీటికి నిలుచు మెరైన్ రకమునకు నిర్దేశించిన ఐ.ఎస్. 710 ముద్రను చూచి తీసికొనవలెను. ఈ పనికి వానలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరు మాసములే అనుకూలమైనవి. పాఠకులకు మా విన్నపము ఒక్కటే: రంగులవానిని పిలుచుటకు పూర్వము గొట్టములవానిని పిలువుడు. నీటి దారిని మూయక వేసిన పూత ఎంత వెలగలదైనను మరుసటి వానకాలమునకు మరల ఊడును.