ఎండని రంగు

పొందూరు అనగానే సన్నని ఖద్దరు జ్ఞాపకం వస్తుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చేప పళ్ళే దువ్వెన! తరవాత కర్ర రాట్నం మీద నూలు వడుకుతారు.

పిల్లలూ, అటువంటి పాత రాట్నం ఒకటి మీ యింట్లో వున్నదనుకోండి. దాని పీట విరిగింది. వడ్రంగి అతుకు వేశాడు. సందుల్లో లప్పం నింపి, రంగుకు ముందు వేసే నూనె ప్రైమరు పూశారు. మూడు రోజులయినా వేలికి జిగటే! ఆ జిగటకు దూది అంటుకుంటుందని రాట్నం మూలనే వుండిపోయింది.

తడిబట్ట ఆరడం వేరు, యీ పూత ఎండడం వేరు. బట్టలోని నీరు ఆవిరైపోతుంది. అవిసె నూనె మాత్రం గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే ఎండేటప్పుడు దాని బరువు తగ్గదు సరికదా, పెరుగుతుంది!

అన్ని నూనెలకూ యీ గుణం లేదు. ఆముదం, కొబ్బరినూనె ఎన్నాళ్ళయినా అలా ఎండవు. రాట్నం సులువుగా తిరగాలని వేసిన నూనె ఏళ్ళ తరబడి కర్రలోకి యింకి, యిప్పుడు పూతలో కలిసిందన్నమాట. దొంగ దొరికాడు! అతుకు పచ్చికర్రయినా, లప్పం ఆరకపోయినా, పూత మందమయినా యిదే తంటా.

పైన మరో పూత వేస్తే కిందిదానికి గాలి అందదు. జిగటనంతా గీకి, టర్పెంటైను గుడ్డతో తుడిచి, గుడ్డ మార్చి మళ్ళీ తుడవాలి. కర్రను బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, పలచగా పూయాలి. ఇది పెద్దలు చేయవలసిన పని. దీపానికీ, పొయ్యికీ దూరంగా చేయాలి.

ఒక్క జాగ్రత్త. అవిసె నూనె ప్రాణవాయువును పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. పలచని పూతలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కాని ఆ నూనె తుడిచిన గుడ్డలనో, దూదినో వుండచుట్టి పడేస్తే వేడి లోపలే పెరిగి, ఎవరూ నిప్పు ముట్టించకుండానే మండవచ్చు! దూది వున్న యింట్లో అది ఎంత ముప్పు! వెంటనే నీళ్ళలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచాలి.

నమ్మకం కలగలేదా? రెండు గాజుపలకలు తీసుకోండి. ఒకదానిమీద అవిసె నూనె, రెండోదానిమీద ఆముదం పలచగా రాయండి. (కొబ్బరినూనె వద్దు. చలికి పేరుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది!) రెండు వారాలపాటు రోజూ అంచు తాకి చూసి, తేదీ వేసి రాసుకోండి.